మైకు మావయ్య, పురుగులూ

తోటమాలి మైకు మావయ్య మనుషుల్ని పల్లెత్తు మాట అనడు. పురుగుల్ని మాత్రం నోరారా తిడతాడు. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు గనకే ఆ పేరు. ఆయన మొదలుపెడితే వీధి చివర కుక్కలు కూడా తామేం తప్పు చేశామా అని తోకలు ముడుస్తాయి.

పేనుబంక కనిపిస్తే, "ఏమయ్యా, అత్తారింటికొచ్చిన అల్లుడిలా ఆకు కింద కాళ్లు బార్లా చాపావు! పని లేదూ నీకు?" అంటాడు. తెల్లదోమనైతే, "పౌడరు కొట్టుకుని ఎక్కడికే షికారు?" అని నిలదీస్తాడు.

ఆయన కింద పనిచేసే కూలీకి నడుంనొప్పితో పాటు చెవినొప్పి కూడా పట్టుకుంది.

"మందు కొడితే చచ్చేదానికి ఈ గొంతు చించుకోవడం ఎందుకు మావయ్యా?"

"మందు దాని ఒంటికిరా. తిట్టు నా మనసుకి."

ఆ తోటకు ప్రాణం ఫ్యూషియా కుండీలు. చెవి లోలకుల్లా ఎర్రగా, ఊదాగా వేలాడే పూలు. యజమానురాలికి వాటి తర్వాతే మొగుడైనా, పిల్లలైనా. ఒక ఉదయం కూలీ చూస్తే చివుళ్లన్నీ ఉబ్బి, మెలికలు తిరిగి, సుత్తిదెబ్బ తిన్న బొటనవేళ్లలా ఉన్నాయి. మంచాల్లో ఉండేది కాదు, చివుళ్ల రసం పీల్చే, కంటికి కనపడని నల్లి. మొదట ఒక్క కుండీకే ఉండేది. ఆ మొక్కను కోసిన కత్తెర తుడవకుండా వరసంతా కత్తిరించింది తనే. ఈ పని పోతే, ఈ వయసులో, ఈ నడుంతో ఇంకెవరు పిలుస్తారు?

అంతలో టకటకా చెప్పుల చప్పుడు. "ఎవరు చేశారీ పని?" అంటూ యజమానురాలు వచ్చేసింది.

కూలీ నోరు తెరిచేలోగా మావయ్య కుండీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఓసి నల్లీ! కళ్లు లేవు, రెక్కలు లేవు, సిగ్గయినా లేదటే?"

"అది కాదు, ఈ కుండీలు కత్తిరించింది ఎవరు..."

"అమ్మగారు అడుగుతున్నారు, పలకవేం? నీ తాత ఎవడు? వాణ్ణి కన్నదెవత్తి? ఇంత తోటలో నీకు ఈ పూలే దొరికాయా?"

ఆవిడ నోరు తెరిచింది, మూసింది. మళ్లీ తెరిచింది. నల్లి ముత్తాత మేనత్త దాకా వచ్చేసరికి చెవులు మూసుకుని, "ఏదో ఒకటి చేసి బాగుచెయ్యి బాబూ!" అని లోపలికి పరుగెత్తింది.

తలుపు పడగానే తిట్లు ఠక్కున ఆగాయి.

"చివుళ్లు కోసి సంచిలో వేసి తగలెయ్," అన్నాడు మావయ్య నెమ్మదిగా. "కుండీ కుండీకీ కత్తెర స్పిరిట్‌తో తుడువు."

కూలీకి అప్పుడు వెలిగింది. నిరుడు తను తొట్టి పగలగొట్టినప్పుడూ అంతే. మొన్న ఆలస్యంగా వచ్చినప్పుడూ అంతే. ఆవిడ గడప దాటి తోటలోకి వచ్చాకే పురుగులకు మూడేది.

"అయితే మావయ్యా, ఇన్నాళ్లూ ఆ తిట్లన్నీ..."

"వాటికేంరా, చెవులా పాడా? ఎన్నయినా పడతాయి," అన్నాడు మావయ్య గొంతు సవరించుకుంటూ. "నువ్వు పడగలవా?"