ఆంజినమ్మ పెరట్లో రాళ్ళ వరుస

ఆంజినమ్మకు నోరు పెద్దదని ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ నోటికి ఇప్పుడు పనే లేకుండా పోయింది. తిట్టాలన్నా ఎదురుగా ఒక మనిషంటూ ఉండాలి కదా! భర్త తిప్పయ్య పోయి నాలుగేళ్ళయింది. పిల్లలు కలగలేదు. పొద్దున లేచి కోళ్ళను తిట్టి, మధ్యాహ్నం కరెంటోళ్ళను తిట్టి, సాయంత్రం టీవీలో ఏడుస్తున్న కోడలిని తిట్టి పడుకుంటోంది. ఎవరూ మారు మాట్లాడరు. అదే ఆమెను లోలోపల తినేస్తోంది.

ఈ ఏడు వాన కరుణించి చెనిక్కాయ పంట చేతికొచ్చింది. ఇంటి ముందూ వెనకా బాగు చేయించాలని ఆంజినమ్మకు బుద్ధి పుట్టింది. ముందు వాకిట్లో వేపచెట్టు కింద పొడుగాటి అరుగు కట్టించాలి. వెనక పెరట్లో గేటు నుంచి బోరు దాకా తాడిపత్రి నల్ల బండలు పరిపించాలి. ఆ రోజే పక్కూరి నుంచి మేస్త్రీ నరసింహప్పను పిలిపించింది. పదేళ్ళు బండలు కోసి వచ్చిన మనిషి కాబట్టి అతని మాటలో కూడా మెత్తదనం తక్కువ.

"అరుగు ఎంత పొడుగక్కా?" అన్నాడు టేపు లాగుతూ.

"పదిమంది కూసునేంత."

"ఇంట్లో ఎంతమంది?"

"నేనొక్కదాన్నే."

నరసింహప్ప టేపు వదిలేశాడు. అది సర్రుమని డబ్బీలోకి పోయింది. "ఒక్కదానికి కుర్చీ చాలు కదక్కా. పదిమంది యాడ నుంచి వస్తారు?"

ఇదే మాట ఇంకెప్పుడైనా అయితే చీపురు తిరగేసేదే. ఇప్పుడు "నా ఇల్లు, నా అరుగు. నువ్వు కొలత రాసుకో అప్పా" అని మాత్రం అనగలిగింది.

"రాసుకుంటాలే. పని మొదలుపెట్టే ముందు ఇంకోసారి అడుగుతా. మనసు మారితే చెప్పు" అన్నాడు నరసింహప్ప, పెన్సిలు చెవి వెనక పెట్టుకుంటూ.

పెరట్లోకి వచ్చాక అతని మొహం వికసించింది. గేటు దగ్గర నుంచి బోరు దాకా వరుసగా రాళ్ళు. ఒకటి గుండ్రం, ఒకటి పలక, ఒకటి సగం ఇటుక. లెక్కపెడితే ఇరవై రెండు. "ఇవి భలే పనికొస్తాయక్కా. గరుసుతో పాటు కింద వేసి దిమ్మిస కొట్టినానంటే, పైన బండ నూరేళ్ళు కదలదు."

"ఆగప్పా! అవి నావి కాదు."

"నీ పెరట్లో ఉండేవి నీవి గాక ఇంకెవరివి?"

ఎవరివో చెప్పాలంటే పదిహేడేళ్ళు వెనక్కి పోవాలి. తిప్పయ్య చేన్లో ఆరు బోర్లు వేయించాడు. ఆరింటిలోనూ తెల్లటి దుమ్ము లేచిందే కానీ చుక్క పడలేదు. ఏడోది విసిగిపోయి ఇంటెనక వేయిస్తే అక్కడ పడ్డాయి నీళ్ళు! వీధిలో మిగతా బోర్లన్నీ ఎండిపోయాయి. ఆ రోజు నుంచి పెరటి గేటు మూసింది లేదు. కరెంటు ఎప్పుడొస్తే మోటారు అప్పుడే. కూలికి పోయే ఆడవాళ్ళు బిందెల దగ్గర కాపలా కాస్తే పొయ్యి వెలగదు. అందుకని తలా ఒక రాయి తెచ్చి వరుసలో పెట్టి పోయేవారు. రాయి ఉందంటే మనిషి ఉన్నట్టే. వంతు వచ్చేసరికి మనిషి రాకపోతే ఆమె రాయిని వరుస చివరికి జరపవచ్చు. అంతవరకే చెల్లు. తీసి పారెయ్యడం మాత్రం ఎవరికీ చెల్లదు. అలా చేస్తే ఆ మనిషిని మెడ పట్టి గెంటినట్టే లెక్క.

ఆ వరుసలో ఆంజినమ్మకు రాయి లేదు. బోరు ఆమెది, మోటారు స్విచ్చి ఆమె చేతిలో ఉంది, మొదటి బిందె ఎప్పుడూ ఆమెదే. పదిహేనేళ్ళలో ఒక్కనాడు కూడా వంతు కోసం నిలబడి ఎరగదు.

ఆ రోజుల్లో ఎంత తిట్టేదో! పెరడంతా బురద అని తిట్టేది, కనకాంబరాలు తొక్కేశారని తిట్టేది, ఈ పీడ ఎప్పుడు వదుల్తాదో అని తల బాదుకునేది. తిట్టింది కానీ, ఏ పూటా మోటారు వెయ్యకుండా మాత్రం ఉండలేదు. రెండేళ్ళ కింద ఇంటింటికీ కొళాయిలు వేశారు. రోజు మార్చి రోజు పొద్దున్నే నీళ్ళు. పీడ వదిలింది. మొదటి వారం గేటుకు గడియ పెట్టి కాళ్ళు చాపుకుని పడుకుంది. రెండో వారం తనే లేచి గడియ తీసింది. ఎవరూ రాలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఈ కొళాయిలు ఒక్క నాలుగు రోజులు పాడైతే బాగుండునని ఆంజనేయస్వామికి మొక్కుకుంది కూడా. స్వామి వినిపించుకోలేదు. తన ఇంటి ముందు బిగించిన కొళాయిని మాత్రం ఈనాటికీ ఒక్కసారి తిప్పలేదు. బోరున్న ఇంటికి కొళాయేమిటని ఆమె పంతం.

"ఇది అంగడి కన్యకమ్మది" అని నరసింహప్పకు చూపించింది. "ఎంత గీర చూడు, నున్నటి రాయే ఏరి తెచ్చుకునింది. ఇది మూల మీద ఇంటామెది, పక్కదాన్ని తోసి ముందుకు జరిపేది." ఒక్కొక్క రాయినీ పేరు పెట్టి పలకరిస్తూ బోరు దాకా నడిచింది. బోరు పక్కన, అందరికన్నా ముందు, మధ్యలో చిల్లున్న సగం విసుర్రాయి ఉంది. మిగతా రాళ్ళకు దుమ్ము పట్టింది కానీ దానికి లేదు.

"ఇదెవరిదక్కా?"

ఆంజినమ్మ వంగి కొంగుతో దాన్ని ఒకసారి తుడిచింది. "అది మల్లీశ్వరిది" అంది.

మల్లీశ్వరిది రెండిళ్ళ అవతల ఇల్లు. ఇద్దరూ ఒకే ఏడు ఆ వీధికి కోడళ్ళుగా వచ్చారు. అందరూ నీళ్ళు పట్టుకుని పోయాక ఇద్దరూ బోరు దిమ్మె మీద కూర్చుని, ఆకువక్క వేసుకుని, ఊరందరినీ చెరిగి ఆరబోసేవారు. ఆంజినమ్మ నోటికి భయపడనిది ఊరి మొత్తంలో ఆమె ఒక్కతే. "చాలుగానీ మూస్తావా ఆంజినక్కా" అంటే ఆంజినమ్మ నవ్వేసేది.

ఆరేళ్ళ కింద, నడి ఎండాకాలంలో, పొద్దంతా రాని కరెంటు ఒక్క అరగంట వచ్చింది. వరుసలో మొదటి రాయి మల్లీశ్వరిది. మనిషి లేదు. వెనకున్న వాళ్ళు ఒకటే అరుపులు. ఎండకు మాడిపోయి ఉన్న ఆంజినమ్మ ఒంటికాలి మీద లేచింది. "మహారాణి వచ్చేదాకా మోటారు కాళ్ళు పట్టుకోవాల్నా?" అంటూ ఆ విసుర్రాయి ఎత్తి గోడ అవతలికి విసిరేసింది. సరిగ్గా అప్పుడే రెండు ఖాళీ బిందెలతో మల్లీశ్వరి గేటు దగ్గర నిలబడి ఉంది. ఆ ఖాళీ బిందెలతోనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఆంజినమ్మ గోడ అవతలికి పోయి రాయిని వెతికి తెచ్చి, కడిగి, మొదటి స్థానంలో పెట్టింది. కానీ రెండిళ్ళు దాటిపోయి 'తప్పయింది' అనడానికి ఆ పెద్ద నోరు తిరగలేదు. మల్లీశ్వరి నాలుగేళ్ళ పాటు మైలు దూరం నుంచి, పొలాల్లోని బోరు నుంచి, నెత్తిన బిందెతో ఈ ఇంటి ముందు నుంచే నడిచింది. తల తిప్పి చూడలేదు. అవసరం కొద్దీ ఏదో ఒక రోజు వస్తుందిలే అని ఆంజినమ్మ అనుకుంది. ఇంతలో కొళాయిలు వచ్చి ఆ అవసరం కూడా తీరిపోయింది. తిప్పయ్య పోయిన రోజు మల్లీశ్వరి వచ్చి, అందరితో పాటు నిలబడి, అందరితో పాటు వెళ్ళింది.

పదిమంది అరుగు అన్నది పైకి చెప్పే మాట. ఆంజినమ్మకు కావలసింది ఒక్క మనిషి.

నరసింహప్పకు ఇవన్నీ చెప్పలేదు. అతను మాత్రం రాయి మీద చెయ్యి వేసి, "అట్లయితే ఎవరి రాయి వాళ్ళను తీసుకుపొమ్మను. ఎల్లుండి బండల ట్రాక్టరు వస్తాది" అన్నాడు. ఆ మాటకు ఆంజినమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాకు ఇన్నేళ్ళు తనకే తట్టలేదు!

కొంగు బిగించి ఇల్లిల్లూ తిరిగింది. కన్యకమ్మ అంగట్లో నుంచే పకపకా నవ్వింది. "రాయి తెచ్చుకుని ఏం చేసుకోవాల ఆంజినమ్మా? నీ బండల కిందే వేసెయ్." అందరిదీ అదే మాట. అందరూ మంచిగానే మాట్లాడారు. కూర్చోమని మాత్రం ఒక్కరూ అనలేదు.

ఆఖరికి మల్లీశ్వరి ఇల్లు. గడపలో కూర్చుని చెనిక్కాయలు వలుస్తోంది.

"నీ రాయి నా పెరట్లో ఉండాది. ఎల్లుండి బండలేస్తాండాము. వచ్చి తీసుకుపో."

మల్లీశ్వరి తలెత్తలేదు. "గోడవతల పారేసినావు కదా."

"ఆ పొద్దే తెచ్చి పెట్టినా."

కాయ వలిచే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "చూస్తాలే" అంది, మళ్ళీ వలవడం మొదలుపెట్టి.

ఆ 'చూస్తాలే' పట్టుకుని ఆంజినమ్మ రెండు రోజులు గాల్లో తేలింది. పని రోజున ఇరవై మందికి సరిపడా బొరుగుల ఉగ్గాని చేసింది, మిరపకాయ బజ్జీలు వేసింది. నరసింహప్పా కూలీలూ తిన్నారు. "ఇంత చేసినావు, తినేటోళ్ళు యాడక్కా?" అంటూ అతను రెండోసారి పెట్టించుకున్నాడు. పదకొండు గంటలకు పెరటి గేటు కిర్రుమంది. మల్లీశ్వరి వచ్చింది.

"వచ్చినావా మల్లీ! కూసో. నీళ్ళు తాగుతావా?" ఆంజినమ్మ చెంబు కోసం పరుగెత్తబోయింది.

"మా ఇంట్లో కొళాయి ఉండాది" అంది మల్లీశ్వరి.

ఆంజినమ్మ ఎక్కడిదక్కడే నిలబడిపోయింది. ఈ సీమలో ఇస్తానన్న నీళ్ళు వద్దనిపించుకోవడం కన్నా చెంపదెబ్బ నయం.

మల్లీశ్వరి నేరుగా బోరు దగ్గరికి పోయి రాయిని చూసింది. "ఆ పొద్దు మా అత్త మంచంలోనే అంతా పాడు చేసుకునింది. ఉన్న నీళ్ళతో కడిగి, గుడ్డలు మార్చి వచ్చేసరికి ఆలస్యమాయ. తర్వాత తాగేదానికి కూడా చుక్క లేదు."

"నాకు తెలీదు మల్లీ."

"అడిగినావా?"

మల్లీశ్వరి వంగి రాయిని ఎత్తి నడుముకు ఆనించుకుంది. "ఇది నీ కాళ్ళ కింద పడి ఉండేది నాకిష్టం లేదు" అని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆంజినమ్మ బోరు దిమ్మె మీద కూలబడి, మేస్త్రీ ముందే భోరుమని ఏడ్చింది. నరసింహప్ప పాపం ఎటు చూడాలో తెలియక కూలీల మీద ఊరికే అరిచాడు. కాసేపాగి, "మిగతా రాళ్ళు కింద వేసేస్తానక్కా. ఈ గేటు కూడా మూసి గోడ కట్టేద్దామా? ఎట్లా ఎవరూ రారు" అన్నాడు.

"రాళ్ళు వేసుకో. గేటు జోలికి పోవద్దు."

మర్నాడు నీళ్ళు వదిలే రోజు. తెల్లారగానే ఆంజినమ్మ లేచి, కోసి పడేసిన బండల్లో నుంచి జానెడు నల్ల ముక్క ఒకటి ఏరుకుంది. ఒక చేత్తో ఆ రాయి, చంకలో ఖాళీ బిందె. రెండిళ్ళు దాటి, మల్లీశ్వరి కొళాయి ముందు రాయి పెట్టి, పక్కన నిలబడింది.

అంగడి తలుపులు తీస్తున్న కన్యకమ్మ నోరు వెళ్ళబెట్టింది. "బోరున్నదానివి! నీకేం కర్మ ఆంజినమ్మా?"

"వంతుకు నిలబడినా" అంది ఆంజినమ్మ. నిలబడడం ఇంత కష్టమని ఇన్నేళ్ళూ ఆమెకు తెలియదు.

మల్లీశ్వరి బిందెలు తీసుకుని బయటికొచ్చింది. రాయిని చూసింది, మనిషిని చూసింది. మొదటి బిందె కొళాయి కింద పెట్టింది. అది నిండింది. రెండోది నిండింది.

"తప్పు చేసినా మల్లీ" అంది ఆంజినమ్మ. గొంతు తనది కాదేమో అన్నంత చిన్నగా వచ్చింది. "అడగల్సి ఉండె. అడగలేదు."

మల్లీశ్వరి మూడో బిందె పెట్టింది. అది సగం నిండేసరికి కొళాయి గురగురమని, గాలి కక్కి ఆగిపోయింది. మల్లీశ్వరి ఒక్కొక్క బిందెనే లోపలికి మోసుకుపోయింది. మూడు సార్లు ఆ నల్ల రాయి పక్క నుంచే నడిచింది. మూడు సార్లూ దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోయింది. తర్వాత తలుపు వేసుకుంది. రాయిని మాత్రం తీసి పారెయ్యలేదు.

ఆంజినమ్మ కాసేపు చూసి, రాయిని అక్కడే వదిలి, ఖాళీ బిందెతో ఇంటికొచ్చింది. వాకిట్లో నరసింహప్ప సున్నపు పొడితో గీత గీయడానికి సిద్ధంగా ఉన్నాడు.

"అక్కా, ఇప్పుడన్నా తేల్చు. అరుగు ఎంత పొడుగు?"

"ఎల్లుండి చెప్తా అప్పా" అంది ఆంజినమ్మ, బిందె దించుతూ. "ఎల్లుండి మళ్ళా నీళ్ళిడుస్తారు కదా."