పద్మనాభం నేలవేము

పరిశోధనలో చేరిన కొత్తలో నా రోజంతా ఒకే మొక్క చుట్టూ తిరిగేది. నేలవేము. మోకాలెత్తుకి మించి పెరగదు. ఆకు ముక్క నాలుక మీద పెట్టుకుంటే ఆ పూటంతా చేదు వదలదు. అందులోని పదార్థాలు డెంగీ వైరస్‌ను పెరగకుండా ఆపగలవా అన్నది నేను తేల్చాల్సిన సంగతి. విశాఖపట్నంలో వానలు పడ్డాయంటే తెలిసినవాళ్ళలో ఎవరో ఒకరు డెంగీతో మంచం పడతారు. ఆ వైరస్‌నే పట్టి ఆపే మందు డాక్టర్ల దగ్గరా లేదు. అందుకే నాకు ఆ పని మీద అంత ఆశ.

మొదటిసారి వన్ టౌన్‌లో మూలికల దుకాణానికి వెళ్ళి ఎండుటాకు కొనుక్కొచ్చాను. ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీసి, ప్రయోగశాలలో చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో పెంచిన కణాల మీద వేశాను. వైరస్ చావడం మాట అటుంచి, వైరస్ వెయ్యని కణాలు కూడా చచ్చిపోయాయి. ఆ దుకాణం గోనెసంచిలో ఇంకేమేం ఆకులు కలిశాయో, ఎన్నాళ్ళు నిలవ ఉందో తెలుసుకునే దారి లేదు. మా గైడ్ మేడమ్ ప్లేటు చూసి, "మొక్కని నువ్వే వెళ్ళి తెచ్చుకో. వేరుతో సహా బోటనీ వాళ్ళకి చూపించు. అది నేలవేమే అని వాళ్ళు చెప్పాకే సారం తియ్యి" అన్నారు.

ఈ కబురు విని నాకంటే ఎక్కువ సంబరపడింది నాన్న. ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి, అప్పుడే రిటైరయ్యాడు. పొద్దు పోక ఇంట్లో ఫ్యాన్లన్నీ విప్పి తుడుస్తున్న రోజులవి.

"పద్మనాభంలో మా బావ లేడేంటి? ఆళ్ళ పొలం గట్ల నిండా మొక్కలే. రేపే ఎల్దాం" అన్నాడు.

బావంటే చుట్టం కాదు. నాన్నతో పాటు క్రేన్ నడిపిన స్నేహితుడు. పద్మనాభం నుంచి రోజూ ప్లాంటుకి వచ్చిపోయేవాడు. అలా ఆయన నాకు మావయ్య, ఆయన భార్య అత్త అయ్యారు.

గోపాలపట్నంలో మా ఇంటి నుంచి పొద్దున్నే బండి మీద బయల్దేరాం. హైవే దాటి వరిచేలు కనపడగానే నాన్న హెల్మెట్ లోపలే పాట అందుకున్నాడు. మావయ్య పొలం దగ్గరే ఎదురుచూస్తున్నాడు.

"ఏటి బావా, ఈ పిచ్చిమొక్క కోసం ఇంత దూరమొచ్చినారా? నాను పీకి బస్సులో ఎట్టేద్దును కదా."

"మా అమ్మాయే దగ్గరుండి పీకాలంట. సైన్సు" అన్నాడు నాన్న, ఆ సైన్సంతా తనే కనిపెట్టినట్టు.

గట్ల వెంబడి ముగ్గురం వంగి పీకుతూ పోయాం. పాత స్నేహితులిద్దరూ తమ షిఫ్టుల కబుర్లు చెప్పుకుంటూ నాకంటే వేగంగా సంచులు నింపారు. ఎండెక్కాక మావయ్య ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాం. అత్త చేపల పులుసు వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న మావయ్య మొహం మారిపోయింది.

"సేపల పులుసు ఇంత సేదుగుందేటి?"

అత్త గిన్నెలోది రుచి చూసింది. "నాకు బాగానే ఉంది."

నాకూ చేదుగానే ఉంది. నాన్న మంచినీళ్ళు తాగుతున్నాడు. అప్పుడు నా వేళ్ళు నాకి చూసుకున్నాను. చేదు పులుసులో లేదు, మా చేతుల్లో ఉంది. ఎంత కడిగినా పోలేదు. చివరికి అత్తే అన్నం కలిపి వరసగా ముగ్గురి నోట్లో ముద్దలు పెట్టింది. జీవితమంతా క్రేన్లు నడిపిన ఇద్దరు మగవాళ్ళు తమ వంతు కోసం నోరు తెరుచుకుని కూర్చోవడం చూసి నాకు పొలమారేంత నవ్వొచ్చింది.

ముద్దలు పెడుతూనే అత్త అడిగింది: "ఇది తాగితే డెంగీ తగ్గిపోద్దా పాపా? పోయిన వానల్లో నాకొచ్చినప్పుడు ఎముకలన్నీ ఇరిసేసినట్టుండీది. ఆసుపత్రిలో ఎట్టీసినారు."

"తెలీదత్తా. తెలుసుకోడానికే ఇదంతా" అన్నాను.

బోటనీ వాళ్ళు అది నేలవేమేనన్నారు. ఇంటి వరండాలో నీడన ఆరబెట్టాను. సారం తీశాక ముందు ఉత్త కణాల మీద వేసి చూస్తే అవి బతికే ఉన్నాయి. ఆ ధైర్యంతో వైరస్ వేసిన కణాలకి సారం పెట్టి, కొన్నాళ్ళు ఆగి, ప్లేటుకి రంగు వేశాను. మిగిలున్న కణాలకి ఊదారంగు పడుతుంది. వైరస్ చంపిన చోట తెల్లటి చిల్లులు కనిపిస్తాయి. కడిగిన ప్లేటు కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. సారం లేని గుంటలు జల్లెడలా ఉన్నాయి. సారం పెరిగేకొద్దీ చిల్లులు తగ్గుతూ వచ్చి, ఆఖరి గుంట నిండు వంకాయ రంగులో ఉంది. మేడమ్ ఒక్కో గుంటా చూసి, "మళ్ళీ చెయ్యి" అన్నారు. మళ్ళీ చేశాను. మళ్ళీ అలాగే వచ్చింది. ఈసారి ఆవిడే పక్క గదిలో వాళ్ళని కేకేసి పిలిచి చూపించారు.

ఆ వారంలోనే మావయ్య, అత్త నాన్నతో కలిసి మా డిపార్ట్‌మెంటుకి వచ్చారు. లోపలికి ఎవరినీ రానివ్వరు కాబట్టి, వైరస్‌ను పూర్తిగా చంపేసి ఆరబెట్టిన ప్లేటునే వరండాలోకి తెచ్చి చూపించాను. అత్త దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది మా గట్టుమీద మొక్కేనా సేసింది?"

"అదే. కానీ వైరస్ ఆగింది ప్లేటులోనే అత్తా. ఒంట్లో ఏం చేస్తుందో ఇంకా తెలీదు. అందులో ఏ పదార్థం పనిచేస్తోందో విడదీసి తేల్చాలి, ఎలుకల్లో చూడాలి, మనుషుల దాకా రావడానికి ఏళ్ళు పట్టొచ్చు, అసలు రాకనే పోవచ్చు. జ్వరమొస్తే దీని కషాయం కాచుకుని ఇంట్లో కూర్చోకు, ఆసుపత్రికే వెళ్ళు."

"అయితే మందు కాదన్నమాట."

"ఇంకా కాదు."

"మరెందుకే అంత నవ్వుతన్నావు?"

నా మొహం చూసి అత్త కూడా నవ్వడం మొదలుపెట్టింది.

సాయంత్రం బీచికి వెళ్ళి మరమరాల మురీ మిక్చర్ తిన్నాం. వంకాయ రంగు తెచ్చిన మొక్క ఏ గట్టు మీదదో నాన్నా మావయ్యా తేల్చుకోలేకపోయారు. తాను పీకిందేనని ఇద్దరూ పట్టుబట్టారు. పొడి చేసేటప్పుడు అన్నీ కలిపేశానని చెప్పినా వినలేదు. అత్త నా పొట్లంలోంచి వేరుశనగ గింజలు ఏరుకుంటూ, "ఈల్లని ఒగ్గీ, మనం నీళ్ళలోకెళ్దాం రా" అని చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని లేచింది. ఇద్దరం కెరటాల వైపు నడిచాం.