రాశి ముందు గొంతు

2022 జూన్ 11, శనివారం, మధ్యాహ్నం మూడుంబావు. కొత్తపేట అవతల ఒక రైతు తోటకు క్యారేజీ తీసుకువెళ్లాను. కొబ్బరికాయల రాశి ముందు పీట మీద కూర్చుని లెక్క పాడుతున్న మా వారి గొంతు, నేను వింటుండగానే ముక్కులోకి జారిపోయింది.

మా వైపు కాయల లెక్క అందరికీ వినపడాలి. చేతికి రెండేసి కాయలు విసురుతూ, లెక్కించే మనిషి పైకి పాడతాడు. మొదటి విసురును ఒకటి అనడు, ‘లాభం’ అంటాడు. రైతూ, కాయలు కొనే షావుకారూ ఆ గొంతునే నమ్ముతారు.

ఆనాటి నుంచి పొద్దుట ఖంగుమన్న గొంతు సాయంత్రానికి ముద్దగా మారేది. ఎడమ రెప్ప వాలేది. అన్నం నమలలేక సగంలో లేచేవారు.

“మధ్యాహ్నమే మొదలెట్టేసేరేంటండీ బావగారూ? సాయంత్రం లెక్క కల్లుకుండ చెబుతున్నట్టుంది!” అని నవ్వాడు షావుకారు.

“ఆయ్, మీకూ ఓ ముంత పోయమంటారా?” అన్నారు ఈయన. ఆ మాటా ముద్దగానే వచ్చింది. కల్లు వాసనే గిట్టని మనిషి. రైతులు ఒక్కొక్కరే వేరొకరిని పిలవసాగారు.

జబ్బు పేరు కాకినాడలో తెలిసింది: మయస్థీనియా గ్రేవిస్. ఒంటిలోని రక్షణశక్తే దారి తప్పి, నరం చెప్పిన మాట కండరానికి అందకుండా చేస్తుందట. వాడేకొద్దీ కండరం అలిసిపోతుంది. మాత్రలతోపాటు, రొమ్ముటెముక వెనక ఉన్న థైమస్ గ్రంథిని తీసేస్తే మేలన్నారు డాక్టరుగారు.

“ఎముక కొయ్యక్కర్లేదమ్మా. పక్కటెముకల సందున చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ తీసేస్తాం.”

“మళ్లీ లెక్క చెప్పగలరాండీ?”

“ముందు మింగడం, ఊపిరి చూసుకుందాం. గొంతుకి నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. మాటివ్వలేనమ్మా.”

నవంబరులో ఆపరేషను జరిగింది. కుడి చంక కింద మూడు చిన్న మచ్చలు మిగిలాయి.

మరుసటి వేసవిలో అదే రైతు కబురు పెట్టాడు. నేనూ వెంట వెళ్లాను. ఈయన పీట మీద కూర్చుని ‘లాభం’ అన్నారు. తోట చివరిదాకా వినపడింది. నూరు దాటాక మాట ముద్దకట్టింది. రైతు నేల చూపులు చూశాడు. ఈసారి షావుకారు నవ్వలేదు.

“కాసిని మంచినీళ్లు పుచ్చుకోండి బావగారూ, రాశెక్కడికి పోద్ది?” అన్నాడు.

ఆ మెత్తదనం కంటే వెనకటి ఎగతాళే నయమనిపించింది. ఈయన చేతిలోని రెండు కాయలూ పక్కమనిషికి అందించి లేచారు. మళ్లీ ఏ తోటకూ వెళ్లలేదు.

పోయినవి: థైమస్ గ్రంథి, సాయంత్రపు గొంతు, రాశి ముందు పీట.

మిగిలినవి: మింగుడుపడే అన్నం, తెరుచుకునే రెండు కళ్లు, పొద్దుటే కాఫీకి నన్ను పిలిచే పిలుపు.