ఉల్లిపులుసూ మా లైన్ల కుక్కా

చెరకు తోట పక్కన వరసగా కట్టిన గదుల్లో, మా కూలీ లైన్లలో, ఉల్లిపాయ ముట్టని మనిషి ఒక్కడే ఉండేవాడు. అందుకని అందరూ ఆయన్ని పంతులు అనేవారు. ఆయన పంతులు కాదు. మేమంతా ఒకే ఓడలో వచ్చినవాళ్లం. ఓడలో మొదటిసారి అన్నం పెట్టిన రోజు ఆయన కూర పక్కకు నెట్టి, మా ఇంట ఉల్లి వాడరు అన్నాడు. ఆ ఒక్క మాటతో పెద్ద కులం వాడైపోయాడు. సముద్రం అవతల ఈ చెరకు దీవిలో, లంబాసా రేవున దిగేసరికి మిగిలినవాళ్ల కులాలు సముద్రంలో కలిసిపోయాయి గాని ఆయన కులం మాత్రం పెరిగింది. పొద్దున్నే వాగులో మునిగి ఏవో శ్లోకాలు చదివేవాడు. ఒకసారి నేను నీళ్లకు వెళ్లి దగ్గరగా విన్నాను. అది మా వైపు పడవలు లాగేవాళ్లు పాడే పాట. దానికే కాస్త సాగదీత చేర్చాడు.

ఓడలో కలిసి వచ్చినవాళ్లకి ఇక్కడ చుట్టరికం దానంతట అదే ఏర్పడుతుంది. నాకు ఆయన అన్న అయ్యాడు. అప్పుడు నా మొగుడికి బావ కాక తప్పలేదు. నేను చిన్నప్పుడు మిషన్ బడిలో నాలుగు తరగతులు చదువుకున్నాను గనక లైన్లలో తెలుగువాళ్లందరి ఉత్తరాలూ నేనే రాసి, నేనే చదివి పెట్టేదాన్ని. పంతులు కూడా నా దగ్గరకే వచ్చేవాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. పంతులికి చదువు రాకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు.

చెరకు నరికే రోజుల్లో ఒక సాయంత్రం నా మొగుడి వెనకాల తోటలోంచి ఒక కుక్క వచ్చింది. గోధుమ రంగుది, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది. మా గది గుమ్మం ముందు పడుకుంది. మళ్లీ పోలేదు. మాకింకా పిల్లలు లేరు. నేను తిండి పెట్టే విషయంలో పిసినారిదాన్ని కాదు. మేం ఏది తింటే దానికీ అదే పెట్టేదాన్ని. నా మొగుడు కంచం ముందు కూర్చుని, ముందు నాకేనా, దానికా అని అడిగేవాడు. ఒక్కోసారి దానికే.

అలా ఉండగా మిల్లు రేవులోకి వచ్చిన పడవలో ఉల్లిపాయలు ఉప్పునీటికి తడిశాయి. దాచితే కుళ్లిపోతాయని దుకాణంవాడు లైన్లవాళ్లను మోయగలిగినంత మోసుకుపొమ్మన్నాడు. మామూలు రోజుల్లో ఉల్లిపాయ మాకు పండగ. నేనూ నా మొగుడూ నిండు బస్తా ఒకటి గదికి చేర్చి, ఎండలో బాగా ఆరబెట్టుకున్నాం. ఇక చూసుకోండి. పొద్దున గంజిలోకి పచ్చి ఉల్లిపాయ, రాత్రి అన్నంలోకి ఉల్లిపులుసు, ఆదివారమైతే ఉల్లి వేపుడు. తోట మీద పెత్తనం చేసే తెల్లదొరను మేం కులంబరు అనేవాళ్లం; మా లైను పక్కనుంచి గుర్రం మీద వెళ్తే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవాడు. కుక్కకు పులుసన్నం బాగా నచ్చింది. నేను కుండ గీకి పెట్టింది కూడా నాకేసేది.

వారం దాటాక అది నా మొగుడి వెంట తోటకు పోవడం మానేసింది. నీడలో పడుకుని ఊరికే రొప్పేది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు ఉతికిన గుడ్డలా తెల్లగా ఉన్నాయి. మూత్రం బెల్లప్పాకం రంగులో పోసింది. ఈ దీవిలో మనుషుల్ని చంపే పాములు లేవు గనక పాముకాటు అనుకోవడానికి వీల్లేదు. నేను ఆముదం పట్టాను. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశాను. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదని మా అమ్మ అనేది. ఆ మాట మీద నమ్మకంతో, నీరసం తగ్గాలని పులుసులో ఇంకో నాలుగు ఉల్లిపాయలు ఎక్కువ వేసి, ముక్కలన్నీ దాని అన్నంలోనే కలిపాను. అది లేవలేక లేచి, తోక ఊపి, తిన్నది. మర్నాటికి ఇక లేవలేకపోయింది.

ఆ ఆదివారం పొద్దున పంతులు మా గుమ్మం ముందు నిలబడ్డాడు. తన పెద్దరికం గుర్తొచ్చినప్పుడు ఆయన పుస్తకంలో మాటలు మాట్లాడేవాడు.

"ఈ ప్రాణిని నా గదికి పంపించు చెల్లీ. నీ వంటలో దోషమున్నది. నేను సాత్వికాహారం పెట్టెదను."

నాకు ఒళ్లు మండింది గాని కుక్క ప్రాణం ముందు నా కోపమెంత. ఇద్దరు మనుషులు గోనెసంచి మీద దాన్ని ఎత్తుకెళ్లారు. పంతులు దానికి పప్పు కలిపిన చప్పటి అన్నం పెట్టేవాడు. పక్కన కూర్చుని పడవపాట పాడేవాడు. పది రోజులకు అది లేచి నడిచింది. ఇంకో వారానికి ఆయన వెనకాల తోటకు వెళ్లింది.

ఆ తర్వాత మనిషిని పట్టడం కష్టమైంది. మడికట్టుకుని వండిన అన్నానికీ, నాలుక మీద మంత్రానికీ ఎంత బలముందో మూడు లైన్లవాళ్లకూ చెప్పాడు. మా చేత పని చేయించే సర్దారు తన మేక దగ్గుతోందని తీసుకొచ్చి చూపించాడు. పంతులు మేక మీద కూడా చెయ్యి పెట్టాడు. మేక దగ్గుతూనే ఉంది గాని, దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

నేను పట్టుదలకు పోయి కుక్కను మళ్లీ మా గదికి తెచ్చుకున్నాను. బస్తాలో ఉల్లిపాయలు ఇంకా అడుగున ఉన్నాయి. వారం పది రోజులకు మళ్లీ అదే రొప్పు, అవే తెల్లటి చిగుళ్లు. ఈసారి లైన్లలో ఆడవాళ్లు నా చేతి వంక చూడటం మొదలుపెట్టారు. నా మొగుడు ఒక సాయంత్రం కంచం ముందు నోరు తెరిచి, పెదవి పైకెత్తి, నా చిగుళ్లు ఎలా ఉన్నాయో చూడు అన్నాడు. నేను నవ్వలేదు. ఆ మర్నాడు కుక్కను నేనే ఎత్తుకెళ్లి పంతులు గదిలో పడుకోబెట్టి వచ్చాను. నేను గుమ్మం దాటకముందే ఆయన దానికి పప్పన్నం కలపడం మొదలుపెట్టాడు.

అది మళ్లీ కోలుకుంటున్న రోజుల్లోనే పంతులికి దేశం నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్లమ్మ ఎవరో బడిపంతులు చేత రాయించింది. ఆదివారం మధ్యాహ్నం ఆయన గుమ్మంలో కూర్చుని చదివాను. కుక్క ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. వానలు పడ్డాయని, గేదె ఈనిందని, ఆయన చెల్లెళ్లలో చిన్నదానికి సంబంధం కుదిరిందని చదువుకుంటూ పోయాను. తర్వాత ఈ మాటలు వచ్చాయి: "చిన్నప్పటినుంచీ నీకు ఉల్లిపాయ పడదు. తిన్న రోజల్లా కడుపు పట్టుకుని మెలికలు తిరిగేవాడివి. ఇంట్లో అందరికీ ఉల్లి వేసి వండి, నీకొక్కడికీ వేరే కుండ పెట్టేదాన్ని. ఆ దేశంలో నీకు వేరే కుండ ఎవరు పెడుతున్నారు నాయనా."

నేను ఆగాను. తలెత్తి చూద్దామంటే ధైర్యం చాలలేదు.

"ఆ ముక్క మళ్లీ సదువు," అన్నాడు. పుస్తకంలో మాటలు ఎక్కడికో పోయాయి.

మళ్లీ చదివాను.

"మా ఇంట ఉల్లి వాడరని సెప్పావు గదా అన్నా," అన్నాను.

"ఓడలో నవ్వుతారని భయమేసింది చెల్లీ. ఉల్లిపాయకి ఓడిపోయిన మగాడంటే ఏటి మర్యాద? నాను అన్నది ఒక్క ముక్కే. మిగతాదంతా మీరే అన్నారు."

అది నిజమే. నవ్వు వచ్చింది గాని, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నా చూపు కుక్క మీద పడింది. మెలికలు తిరిగే పిల్లాడు, వేరే కుండ, ఈ గదిలో చప్పటి పప్పన్నం, నా గదిలో ఉల్లిపులుసు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. నేను పెట్టిన ప్రతి ముద్దకూ అది తోక ఊపింది. నీరసం తగ్గాలని ఇంకా ఎక్కువ ముక్కలు వేసిన రోజు కూడా ఊపింది. దాన్ని చంపబోయింది నేనే. అదీ ప్రేమతో.

ఆయనకు చెప్పాను. ఆయన ముఖం కాస్త చిన్నబోయింది.

"అయితే నా మంత్రం పని చెయ్యనేదా?"

"మంత్రం కాదన్నా. పప్పన్నం."

తర్వాత చాలా ఏళ్లకు, కూలి ఒప్పందం తీరి మేం వునిమోలి ఊళ్లో స్థిరపడ్డాక, మా సొంత చెరకు పొలానికి వచ్చిన పశువుల డాక్టరు చెప్పాడు, ఉల్లీ వెల్లుల్లీ కుక్క రక్తాన్ని విరిచేస్తాయని. పచ్చివైనా వండినవైనా ఒకటేనట. ద్రాక్షపండ్లూ, చాక్లెట్టూ, ఉడికిన కోడి ఎముకలూ కూడా దానికి పెట్టకూడదట. నేను పెద్ద పండితురాలిలా తల ఊపాను. ఆ రోజుల్లో ద్రాక్షా చాక్లెట్టూ మా కంటికి కనపడలేదు గనక బతికిపోయింది, కనపడితే నేను వాటినీ పెట్టేదాన్నే.

ఉత్తరం చదివిన ఆ సాయంత్రమే మాకు కాసిని ఉంచుకుని మిగిలిన ఉల్లిపాయలు పక్క గదులవాళ్లకు పంచేశాను. కుక్కను మళ్లీ మా గదికి తెచ్చుకుని, దానికోసం వేరే కుండ పెట్టాను. మొదట్లో ఒక పిడికెడు బియ్యమే వేసేదాన్ని. రెండో రోజు ఇంకో రెండు పిడికెళ్లు వేసి, పప్పు కలిపి, ఒక గిన్నెడు పంతులికి పంపాను. ఆయన గిన్నె కడిగి తిరిగి పంపాడు. అప్పటినుంచీ అది మామూలైపోయింది. నా మొగుడు రెండు కుండలెందుకని అడిగితే మొక్కు అన్నాను. పంతులి గుట్టు ఆయనకూ నాకూ మధ్యే ఉండిపోయింది, అందుకు నాకు వేరే మాట దొరకలేదు. ఆ మాట గోడ అవతలికి వినపడింది. వారం తిరగకుండా ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, అది ఏ దేవుడి మొక్కో, ఎన్నాళ్లు చెయ్యాలో, పిల్లలు పుట్టడానికేనా అని గుట్టుగా అడిగారు. ఒకామె తన గదిలోనూ రెండో కుండ పెట్టింది. నేను పంతుల్ని మనసులో ఎన్ని అనుకున్నానో అన్నీ నాకే వచ్చి తగిలాయి.

వాళ్లమ్మకు జవాబు రాయడానికి ఆయన నెల తర్వాత వచ్చాడు. తను కులాసాగా ఉన్నానని, పని అలవాటైందని, చిన్నదాని పెళ్లికి రాలేనని రాయించాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఇక్కడ ఓడలో వచ్చిన చెల్లెలు ఒకతె ఉంది, నాకు ఉల్లి లేకుండా వేరే కుండలో వండి పెడుతోంది, నువ్వు దిగులు పడకు అని రాయమన్నాడు. రాశాను. రాస్తూ, కుక్క సంగతి కూడా రాయనా అన్నా అని అడిగాను.

ఆయన గుమ్మం వైపు చూశాడు. అది కడుపు నిండి వెల్లకిలా పడుకుని ఉంది.

"అది రాయకు చెల్లీ," అన్నాడు. "కుక్క కుండలోంచి పెడతన్నారంటే అమ్మ ఏడుస్తాది."