మారుమనస్సు అనే మాట

వార్షికోత్సవ సంచికకి సంఘం చరిత్ర రాసిమ్మని మా సంఘ పెద్దలు నన్ను అడిగారు. "మంచి విషయాలే రాయండి ఆంటీ, ఆ గొడవలవీ వద్దు" అని ముందే హద్దు గీశారు. మా సంఘం చరిత్రలోంచి గొడవ తీసేస్తే మిగిలేది ఆదివారం భోజనాల సంగతి ఒక్కటే. పులిహోర గురించి, పాటల పోటీల గురించి వాళ్లకి రెండు పేజీలు రాసిచ్చాను. వాళ్లు వద్దన్నది ఇక్కడ రాస్తున్నాను.

మేం గుంటూరు వైపు లూథరన్లం. మా ఆయన సెంట్రల్ గవర్నమెంట్ గుమాస్తా. బదిలీ మీద ఢిల్లీ వచ్చి, పక్కనే ఉన్న వైశాలిలో ఇల్లు తీసుకున్నాం. మెట్రో ఇంకా అటు రాని రోజులు. మొదట మా ముందుగదిలోనే ప్రార్థన జరిగేది. ఘాజియాబాద్‌లో పనిచేసే నర్సులు, కంప్యూటర్ కంపెనీల వాళ్లు, ఢిల్లీ బేర్ సరాయ్‌లో సివిల్స్ చదువుతూ రెండు బస్సులు మారి వచ్చే కుర్రాళ్లు, అందరూ కలిస్తే గది చాలేది కాదు. అందుకని ఒక టెంట్ హౌస్ దుకాణం పైన హాలు అద్దెకి తీసుకున్నాం. మావాళ్లు చర్చిని గుడి అనే అంటారు కాబట్టి అది మా గుడి అయింది.

పాస్టరుగారు నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు ఆరాధన నడిపేది మా ఆయనే. ఆయన తండ్రి పల్నాడులో ఉపదేశి, మైకు లేకుండా ఊరంతటికీ వాక్యం వినిపించిన మనిషి. ఆ గొంతే ఈయనకీ వచ్చింది. ఇంట్లో ఉప్పు అడిగినా పక్కింటి వాళ్లు తెచ్చిచ్చేంత గొంతు. ఈస్టరు ముందు శ్రమల కాలం వచ్చిందంటే ఇక పట్టపగ్గాలుండవు. "మారండి, మారుమనస్సు పొందండి" అని కుడిచెయ్యి పైకెత్తి అంటుంటే కింద సందు చివరిదాకా వినిపించేది.

ఇల్లు మారినా, బస్సు మారినా, బుద్ధి మారినా మనకి ఒకటే మాట. ఆ మాట కింద సందులో ఇంకోలా వినబడుతోందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఆదివారం ఉక్కగా ఉందని కిటికీలన్నీ తెరిచాం. మా ఆయన చెయ్యెత్తి మారండి అంటున్నాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. హాకీ కర్రలతో, ఇనప కడ్డీలతో గుంపుగా వచ్చారు. ముందున్నవాడు కొత్తవాడేం కాదు, మొబైల్ రీచార్జ్ దుకాణం దగ్గర రోజూ కనపడే మనిషే.

"కిస్‌కో మార్నే కీ బాత్ కర్ రహే హో? హర్ ఇత్వార్ మారో, మారో" అన్నాడు.

ప్రతి ఆదివారం కొట్టండి, కొట్టండి అంటున్నారు, ఎవరిని అని వాడి ప్రశ్న. మా ఆయన హిందీ ఆఫీసు గేటు దాటేది కాదు. అప్పుడు మా అమ్మాయి లేచింది. ఏడో తరగతి చదువుతోంది, హిందీలో క్లాసు ఫస్టు. కూరగాయల బండి దగ్గర్నుంచి గ్యాస్ ఆఫీసు దాకా మా ఇద్దరి తరపునా మాట్లాడేది అదే. నవ్వుతూ ముందుకెళ్లింది.

"మారో నహీ, భయ్యా. తెలుగూ మే మారు మత్‌లబ్ బదల్నా. పాపా బోల్ రహే హై, బద్‌లో."

కొట్టమని కాదు, మారమని అంటున్నారని చెప్పింది. పిల్ల చెప్పిన అర్థంలో అక్షరం తప్పు లేదు.

"బద్‌లో?" అన్నాడు వాడు, వెనక్కి తిరిగి. "సునా? ధర్మ్ బద్‌లో."

వాడికి అది మతం మారమనడం అయింది. "మన్, భయ్యా, మన్", మతం కాదు మనసు అని అంటూనే ఉంది పిల్ల. మొదటి కర్ర హార్మోనియం మీద పడింది. రెండోది మా ఆయన ఇంకా దించని కుడిచేతి మీద పడింది. ఎండుచెరకు విరిచినట్టు చప్పుడు విన్నాను. ప్రభురాత్రి భోజనం గిన్నెని తన్నారు. బేర్ సరాయ్ కుర్రాడొకడి తల పగిలి చొక్కా కాలరు తడిసిపోయింది. రిటైరైన నర్సు ఆంటీని జుట్టు పట్టుకుని మెట్ల దాకా ఈడ్చారు. ఆవిడ రెండు చేతులూ తలమీద పెట్టుకుని "బాబూ, బాబూ" అంటోంది. నా చేతికి ఇత్తడి కానుకల పళ్లెం దొరికింది. ముందున్నవాడి చెవి మీద అంచుతో కొట్టాను. రక్తం వచ్చింది. ఇంకోసారి కొట్టాను. ఆ విషయంలో మాత్రం నా మనస్సు ఈనాటికీ మారలేదు.

పోలీస్ స్టేషన్లో ఇరుపక్షాల కొట్లాట అన్నారు. రాజీ పడమన్నారు. కుడిచెయ్యి కట్టులో ఉండటంతో మా ఆయన రాజీ కాగితం మీద ఎడమచేత్తో సంతకం పెట్టాడు.

తర్వాత పెద్దలు కూర్చుని ఒక తీర్మానం చేశారు. ఇకమీదట ఆరాధనలో మారుమనస్సు అనకూడదు, పశ్చాత్తాపం అనాలి. హిందీవాళ్లకీ అర్థమయ్యే మాట, ఎవరికీ కోపం రాదు అన్నారు. మా ఆయన చెయ్యి వంకరగా అతుక్కుంది, భుజం దాటి లేవదు. గొంతు కూడా అక్కడే ఆగిపోయింది.

అసలు దెబ్బ ఆ వారమే మా వంటింట్లో తగిలింది. చూడ్డానికి వచ్చిన ఒకావిడ టీ తాగుతూ, "ఆ పిల్ల నోరు మూసుకునుంటే సరిపోయేదండీ, మాట ఇప్పి చెప్పబట్టేగా ఇంత జరిగింది" అంది. మా అమ్మాయి గుమ్మంలోనే ఉంది. నేను ఆవిడ చేతిలో కప్పు లాక్కుని సింకులో పడేసి, చెప్పులు చూపించాను. కానీ వినాల్సిన పిల్ల వినేసింది.

ఆ రోజు నుంచి మా అమ్మాయి తెలుగు మాట్లాడలేదు. నేను తెలుగులో అడిగితే హిందీలో "ఠీక్ హై మమ్మీ" అంటుంది. కూరగాయల బండి దగ్గర నేను తడబడుతుంటే పక్కన నిలబడి నేల చూస్తుంది. ఎవరి మాటా ఎవరికీ చేరవేయదు. ఒకరోజు వాళ్ల నాన్న దగ్గర కూర్చోబెట్టుకుని, "వాళ్లు కర్రలు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నారమ్మా. నువ్వేం చెప్పినా కొట్టేవాళ్లే" అన్నాడు. "అచ్ఛా, పాపా" అని లేచి వెళ్లిపోయింది. నాకు ఆ కర్రలవాళ్ల మీదకంటే టీ తాగినావిడ మీదే ఎక్కువ కసి. చెయ్యి అతుక్కుంది. పిల్ల అతుక్కోలేదు.

పిల్లలు తమ విశ్వాసాన్ని సంఘం ముందు తామే ఒప్పుకునే కన్ఫర్మేషన్ వయసు అమ్మాయికి వచ్చేసరికి గుడి కూడా మారింది. ఘాజియాబాద్‌లో ఒక పార్కు పక్కన మేడమీద హాలు. పాస్టరుగారు అడిగే ప్రశ్నలకి పిల్లలు జవాబులు అప్పజెప్పాలి. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు కాబట్టి జవాబులన్నీ హిందీ అక్షరాల్లో రాసిచ్చాను. తీర్మానం ప్రకారం పశ్చాత్తాపం అనే రాశాను. తెల్లగౌను వేసుకుని నిలబడింది. అది తెలుగులో నోరు విప్పుతుందో లేదోనని దాని పెదాలే చూస్తున్నాను.

దేవుడు మననుంచి ఏం కోరుతున్నాడని అడిగారు పాస్టరుగారు.

"మారుమనస్సు" అంది, వాళ్ల నాన్న గొంతుతో.

ఒక పెద్దాయన గబగబా వెళ్లి కిటికీ మూయబోయాడు. అప్పుడే కింద పార్కులోంచి అరుపులు వచ్చాయి. "మార్! మార్!"

హాలంతా కుర్చీలు కదిలాయి. నర్సు ఆంటీ రెండు చేతులూ తలమీద పెట్టుకుని వంగిపోయింది. నేను కానుకల పళ్లెం పట్టుకుని ఉన్నాను, ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. మా ఆయన బాగున్న ఎడమచెయ్యి తలకి అడ్డం పెట్టుకున్నాడు.

మా అమ్మాయి ఒక్కతే కదల్లేదు. కిటికీలోంచి కిందకి చూసింది, మా అందరి వంకా చూసింది.

"క్రికెట్, నాన్నా" అంది. "బంతిని కొట్టమంటున్నారు."

తర్వాత పాస్టరుగారి వైపు తిరిగి జవాబు మొదటి నుంచి అప్పజెప్పింది. అది పూర్తయ్యేదాకా మా ఆయన చెయ్యి తలమీంచి దిగలేదు.