చెల్లెలినంటూ వచ్చిన దాత

2004లో బాపట్ల నుంచి రేపల్లెకు మండల రెవెన్యూ అధికారిగా బదిలీ మీద వచ్చాను. మా పని భూములూ శిస్తులే అనుకుంటారు జనం. ఎవరు ఎవరికి ఏమవుతారో విచారించి ధ్రువపత్రం ఇవ్వడం కూడా మా నెత్తినే ఉండేది. కిడ్నీ మార్పిడికి ఆసుపత్రులు ఆ పత్రం అడిగేవి. అవయవాల అమ్మకాన్ని చట్టం అప్పటికే నిషేధించింది. దగ్గరి రక్తసంబంధీకులు ఇస్తే మాత్రం అడ్డు చెప్పదు. అందుకని కొనుక్కోదలిచినవాళ్లు ముందుగా చుట్టరికాన్ని తయారుచేసుకునేవారు.

ఆ వేసవిలో తెనాలి రైసు మిల్లు యజమాని ఒకాయన భార్యతో కలిసి వచ్చారు. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నారు. ఇవ్వబోయేది రేపల్లెలో కాపురముంటున్న నాగమణి. తన తండ్రి రెండో భార్య కూతురనీ, చెల్లెలవుతుందనీ ఆయన దరఖాస్తు. సాక్షులు కూడా అలాగే వాంగ్మూలమిచ్చారు. అయినా నా అలవాటు ప్రకారం దంపతుల్నీ నాగమణినీ ఎదురుగా కూర్చోబెట్టి విచారించాను.

నాగమణి తడుముకోకుండా జవాబులు చెప్పింది. మాటకి ముందొక అన్నయ్య, వెనకొక అన్నయ్య. నాకూ నమ్మకం కుదిరి సంతకానికి కలం తీశాను. అంతలో ఉక్కపోతకి ఆయన కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయారు. అందరికన్నా ముందు నాగమణి లేచి పట్టుకుంది.

"అమ్మగారూ, అయ్యగారికి కళ్లు తిరుగుతున్నాయండి! నీళ్లివ్వండి!" అని కేకేసింది.

మన ఇళ్లలో ఏ ఆడపడుచూ వదినని అమ్మగారని పిలవదు. నేను కలం మూసేశాను.

ఆయన తేరుకున్నాక దంపతుల్ని వరండాలోకి పంపి ఆమెనొక్కదాన్నే అడిగాను. రోజూ ప్యాసింజరు రైల్లో తెనాలి వెళ్లి వాళ్లింట్లో పని చేస్తుందట.

"నా ఇష్టంతోనే ఇస్తన్నానండి. మా ఆయనకి మిల్లులో పర్మినెంటు పని ఇస్తామన్నారండి. కాదంటే నా పని కూడా పోద్దండి. సంతకం పెట్టండి బాబూ," అంటూ కాళ్లు పట్టుకోబోయింది.

తర్వాత ఆయన భార్యని పిలిచి, సొంతవాళ్లెవరూ లేరా అని అడిగాను. మరిదిది సరిపోతుందని డాక్టర్లు చెప్పారట. "పిల్లలు గలవాడండి, ఎలా అడుగుతాం?" అన్నారావిడ. నాగమణికీ ఇద్దరు పిల్లలున్నారని గుర్తుచేశాను. ఒళ్లు మండింది గానీ, ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక గొంతు పెంచలేకపోయాను. దరఖాస్తు తిరస్కరించాను.

వానాకాలం దాటకుండానే ఆయన పోయారు. మరిదిని ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. ఆ కబురు విన్నరోజు నాకు అన్నం సయించలేదు.

కొన్నాళ్లకు నాగమణి రేషన్ కార్డు పని మీద ఆఫీసుకొచ్చింది. తెనాలిలో పని పోయి, రొయ్యలు ఒలిచే షెడ్డులో కూలికి వెళుతోందట. అదీ దొరికిన రోజే. ఎలా ఉన్నావమ్మా అన్నాను.

"కిడ్నీలు రెండూ ఉన్నాయండి. పనే లేదండి," అంది. ఎత్తిపొడుపు కాదు, ఉన్న మాటే చెప్పింది.

ఆ తిరస్కరణ సరైనదేనని ఈనాటికీ అంటాను. కానీ చట్టం నన్ను చూడమన్నది చుట్టరికాన్నీ ఇష్టాన్నీ. ఇష్టం నాగమణికి నిండుగా ఉంది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి దాతనీ ఒంటరిగా కూర్చోబెట్టి, ఇవ్వనంటే నీకేం పోతుందని మొదట అడిగేవాణ్ణి. జవాబు చెప్పే ముందు చాలామంది తలుపు వేసి ఉందో లేదో చూసుకునేవారు.