బావ బోర్డు

నాకు విండ్‌సర్ఫింగ్ నేర్పింది మా బావ, అక్క మొగుడు. మైపాడు తీరంలో తెరచాప కట్టిన బోర్డెక్కి గాలి వెంట తిరిగే పిచ్చోళ్లం మేమిద్దరమే. నేర్చుకునేవాడికి వెడల్పాటి పెద్ద బోర్డు ఇస్తారు. గాలి పడిపోయినా దాని మీద కూర్చోవచ్చు, కావాలంటే కునుకు తీయొచ్చు. చెయ్యి తిరిగాక చిన్నదానికి మారాలి. గాలి ఉన్నంతసేపూ అది దూసుకుపోతుంది, గాలి ఆగితే మనిషిని నీళ్లలోకి దించేస్తుంది. బావది చిన్నది. ఆయన సముద్రంలో పోయి మూడేళ్లయింది.

ఈ ఎండాకాలం నాకూ రెండో బోర్డు, చిన్నది, అవసరమైంది. బోర్డుల సైజు లీటర్లలో చెబుతారు, నీళ్ల డబ్బాల్లాగా. చెన్నైలో ఒకాయన దగ్గర నూట ముప్పై లీటర్లది అమ్మకానికుందంటే ఫొటోలు తెప్పించాను. అక్క అవి చూసింది.

"చంకలో బిడ్డను పెట్టుకోని ఊరంతా ఎతికినట్టుంది నీ యవ్వారం. ఆయనది ఈడే ఉంది గదా, తీసకపో."

"అది నూట పదేనక్కా. నా బరువుకు మునుగుతుంది."

"ఆయన నీకంటే ఇరవై కేజీలు ఎక్కువ" అనింది.

నేను పట్టుమని అరవై కేజీలు లేను. అక్క వెనక గదిలోకి తీసుకుపోయి బోర్డు మీది దుప్పటి తీసింది. కాళ్లు దూర్చే పట్టీల దగ్గర బావ మడమలు రాసుకుని బోర్డు అరిగిపోయి ఉంది. అక్క పెట్టి చూడమంటే పట్టీలో కాలు పెట్టాను. బావ కొంచెం జరిగి చోటిచ్చినట్టనిపించింది. మూడేళ్లుగా ఆయన నన్ను వదల్లేదు. స్కూటర్ మీద పోతున్నా వెనక కూర్చున్నట్టే ఉంటాడు. వెనక్కి తిరిగి చూడాలంటే నాకు భయం.

అక్కడే నిలబడి, ఇన్నాళ్లూ మింగిన మాట అక్కతో చెప్పేశాను. ఆయన పోయిన సాయంత్రం గాలి పడిపోయింది. బావ దూరంగా ఉన్నాడు. నేను నా పెద్ద బోర్డు మీద హాయిగా కూర్చుని, ఇంటికి పోదాం రమ్మని రెండు చేతులూ ఎత్తి ఊపాను. రెండు చేతులూ ఊపితే ఆపదలో ఉన్నట్టని ఆయనే నేర్పాడు. నేను వేళాకోళంగా ఊపాను. గాలి లేక ఆయన బోర్డు కదల్లేదు. దాన్ని వదిలేసి నా వైపు ఈదుకుంటూ బయలుదేరాడు. నేను నవ్వుతూ చూశాను. సగం దూరంలో తల కనబడలేదు. చేపల పడవవాళ్లు నన్నూ, ఆయన బోర్డునూ ఒడ్డుకు చేర్చాక, ఏం జరిగిందో చూడలేదని అందరితో చెప్పాను.

అక్క కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది.

"కాలు తియ్" అనింది. తీశాను.

"అంత ఈత వచ్చినోడు బోర్డు వదిలేసి ఎట్ట మునిగినాడని ఊరంతా అడిగినారు. నేను మాత్రం ఎవర్నీ అడగలా. ముందురోజు మేమిద్దరం పోట్లాడుకున్నాం. నువ్వు లేకపోతే నాకు సుఖమని అనినా ఆయన్ని. ఆ మాటకే కావాలని వదిలేసి పోయినాడనుకున్నా."

అక్క గొంతు పెంచలేదు.

"ఈ మూడేళ్లూ ఆదివారం ఆదివారం చర్చి నుంచి నేరుగా ఈడికే వచ్చి, నా చేతి అన్నం తింటివి గదరా."